దక్షిణాఫ్రికాలో విదేశీ ఇంజనీరుకు ఉద్యోగం: ముందు వీసానా, ఆఫర్ లెటరా?

నమస్కారం. నేను సివిల్ ఇంజనీరును. మా వారి వర్క్ వీసా ఆధారంగా వచ్చిన వీసాపై జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటున్నాను కాబట్టి నాకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. సాధారణ వర్క్ వీసా కావాలంటే, ఆ పనికి తగిన స్థానికులు దొరకలేదని యజమాని చూపించాలి. నిరుద్యోగం 30 శాతం దాటిన దేశంలో ఆ నిబంధన న్యాయమైనదేనని నా అభిప్రాయం. అందుకే, దేశంలో కొరతగా ఉన్న నైపుణ్యాలు గలవారికి ఇచ్చే క్రిటికల్ స్కిల్స్ వీసాకు సిద్ధమవుతూ, నా డిగ్రీని సాక్వా (విదేశీ డిగ్రీలు ఇక్కడి ఏ అర్హతకు సమానమో చూసే దక్షిణాఫ్రికా సంస్థ) మూల్యాంకనానికి పంపాను. అయితే సంస్థలు ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న "వర్క్ పర్మిట్ ఉందా?" అన్నదే; లేదనగానే మాట అక్కడితో ఆగిపోతోంది, వీసాకేమో ఉద్యోగ ఆఫర్ కావాలి. ఈ చిక్కును దాటినవారు ఎవరైనా ఉంటే, ఇంజనీరింగ్ కౌన్సిల్‌లో ముందే నమోదు చేసుకోవడం వల్ల సంస్థలు ఎదురుచూడటానికి ఒప్పుకున్నాయా, ఆఫర్ లెటరులో ఏ వివరాలు రాయించుకున్నారు అన్నది దయచేసి తెలియజేయగలరు.