కీమో మధ్యలో పేగు దారి మూసుకుపోతే స్టెంటా, బైపాసా?

సాగర్: నాన్నకి పాంక్రియాస్ తలభాగంలో గడ్డ. కీమో నడుస్తుండగా అది డ్యూడినంను (చిన్నపేగు మొదటి భాగాన్ని) నొక్కేసి, కడుపు కింద దారి మూసుకుపోయిందన్నారు. దారి తెరిచి ఉంచే వల గొట్టం, అదే స్టెంట్ వేయించాలా, కడుపుని కింది పేగుకి కలిపే బైపాస్ సర్జరీకి వెళ్లాలా?

మాధవి_ఆర్: బైపాసే. ఈ రెంటినీ పోల్చి 2010లో నెదర్లాండ్స్‌లో వచ్చిన సస్టెంట్ ట్రయల్ చూడండి. స్టెంట్ వేస్తే తొందరగా తినగలుగుతారు. కానీ రెండు నెలలకు మించి బతికే అవకాశం ఉన్నవాళ్లకి సర్జరీయే మేలని తేల్చారు. గడ్డ స్టెంట్ వలలోంచి లోపలికి పెరుగుతుంది. మా అన్నయ్యకి అలాగే మళ్లీ మూసుకుపోయింది.

కిరణ్: ఆ ట్రయల్‌లో ఉన్నది 39 మందే. కోత మానేదాకా కీమో ఆపాలి, జబ్బు మాత్రం ఆగదు కదా.

పద్మజ_నర్స్: పొద్దున తిన్నది సాయంత్రం అరగకుండా బయటికొస్తోందా? అలా వస్తే కీమో వాంతి అనుకోకూడదు. పూర్తిగా మూసుకుపోతే కడుపు కదలిక పెంచే వాంతుల మందు మెటోక్లోప్రమైడ్ కూడా ఇవ్వకూడదు. ఎండోస్కోపీతోనే కడుపునీ చిన్నపేగునీ కలిపే పద్ధతి ఉంది, అదీ అడగండి.

సాగర్: అవునండీ. రాత్రి వేసిన మాత్ర పొద్దున బేసిన్‌లో అలాగే కనిపించింది. మూడు వారాలు కీమో వల్లే అన్నారు.

మాధవి_ఆర్: కిరణ్ గారూ, 39 దగ్గరే ఆగిపోకండి. పాంక్రియాస్ క్యాన్సర్‌కి ఇచ్చే ఫోల్ఫిరినాక్స్ కీమో మీద 2011లో వచ్చిన ట్రయల్‌లో మధ్యస్థ ఆయుష్షు 6.8 నెలల నుంచి 11.1కి పెరిగింది. ఎక్కువ రోజులు బతికేవాళ్లకి ఎక్కువ రోజులు నిలిచే దారి కావాలి. మీవాళ్లకి స్టెంట్ పనిచేసిందని అందరికీ అదే రుద్దకండి.

కిరణ్: మా అమ్మకి చేసింది బైపాసే మేడమ్! ఆపరేషన్ తర్వాత కడుపు కదలక పదిహేడు రోజులు ముక్కులో గొట్టంతోనే ఉంది. ఇంటికి రాలేదు. సంతకం పెట్టింది నేను. "నన్నొక్క మాట అడగలేదేంరా" అంది.

రవి_కె: ఇద్దరూ కాస్త తగ్గండి.

మాధవి_ఆర్: మా అన్నయ్యని అడిగారు. కోత వద్దు, ఇంటికెళ్లి తినాలన్నాడు. సరేనని స్టెంట్ వేశారు. ఆ విషయం నాకిప్పటికీ మింగుడుపడదు. అంత నీరసంలో ఉన్న మనిషికి నిర్ణయం వదిలేస్తారా?

కిరణ్: వదిలేయాలి. ఆ నొప్పి పడేది ఆయన.

మాధవి_ఆర్: పోయాక మిగిలేది మేం కదండీ.

సాగర్: నాన్నకి క్యాన్సర్ అని ఇంకా చెప్పలేదు. అల్సర్ ముదిరిందనుకుంటున్నారు. రేపు డాక్టరు గారు వచ్చేలోపు నేనే కూర్చుని చెబుతాను. ఏ మాటతో మొదలుపెట్టమంటారు?