ఈ వారం సమస్య: మూడు నాలుగు గలిపిన మొత్తమైదు

నిర్వాహకుడు: పై పాదం చివర వచ్చేలా తేటగీతి పద్యం పూరించండి. మూ–మొ యతి సరిపోయింది, ఆ దిగులు మీకు లేదు. ఒక్క షరతు: "అని మూర్ఖుడొకడు పలికె" అని తప్పించుకునే పూరణలు వద్దు. అది లెక్కకు నిలవాలి. ఫిజిక్స్ చదివినవాళ్లకు దారి తెలుసు, కానీ తెలిసిన దారిలోనే కాలు జారుతుంది.

పద్యపిపాసి:

తూర్పు దిక్కుకు మూడును, దొలగి పిదప
నుత్తరమ్మున నాలుగు నొకడు నడచె
సూటి గీతను గొలిచిన జూడు తుదకు
మూడు నాలుగు గలిపిన మొత్తమైదు

లెక్చరర్: బాగుందండీ. మనిషి నడిచిన దూరం ఏడే, అది అదిశ రాశి, అంటే దిశతో పని లేకుండా మామూలు అంకెల్లా కూడేది, కాళ్ల నొప్పికి లెక్క అదే. బయలుదేరిన చోటి నుంచి చేరిన చోటికి జరిగిన స్థానభ్రంశం మాత్రం ఐదు, అదీ ఈశాన్యం వైపు కాస్త ఉత్తరానికి మొగ్గి. మీరు దిక్కులు రెండూ చెప్పారు కాబట్టి లంబకోణం అడగకుండానే వచ్చేసింది. అయితే మూడేమిటి? కిలోమీటర్లా, బారలా? ప్రమాణం లేని భౌతిక రాశికి నేను మార్కులు వేయను, నా క్లాసులోనూ అంతే.

ఎంపీసీ కుర్రాడు: నాదీ చూడండి సార్, మొదటి ప్రయత్నం.

బండి నిద్దరు లాగిరి బలము కొలది
సదిశ రాశుల సూత్రమ్ము సాగు నచట
కర్ణమే కద ఫలితమై కానవచ్చు
మూడు నాలుగు గలిపిన మొత్తమైదు

లెక్చరర్: గణాలు, యతి శుభ్రంగా ఉన్నాయి తమ్ముడూ, కానీ లంబకోణ త్రిభుజానికి ఉండాల్సిన ఆ కర్ణం ఎక్కడి నుంచి ఊడిపడింది? ఒకరిది 3, ఇంకొకరిది 4 న్యూటన్ల బలమనుకో: ఇద్దరూ ఒకే వైపు లాగితే 7 న్యూటన్లు, ఎదురెదురుగా లాగితే 1, మధ్యలో కోణాన్ని బట్టి ఏదైనా రావచ్చు. 60 డిగ్రీలైతే 6.08, 120 అయితే 3.6 చిల్లర. సూత్రంలో వేసి చూడు: ఫలిత బలం వర్గం 9 + 16 + 24 కాస్ తీటా, తీటా అంటే ఆ రెండు బలాల మధ్య కోణం. అది 25 కావాలంటే కాస్ తీటా సున్నా కావాల్సిందే, అంటే 90 డిగ్రీలు. సదిశ అన్న మాట ఒక్కటి పడేస్తే ఐదు వచ్చేస్తుందనుకోవడం పరీక్ష పేపర్లలోనూ రోజూ చూసేదే. మొదటి పాదం ఇలా మార్చితే చాలు:

లంబ దిశలందు బలములు లాగుచుండ

ఎంపీసీ కుర్రాడు: బండి పోయింది సార్ 😀

లెక్చరర్: పోతే పోనీ, కోణం వచ్చింది.

కాకినాడ అల్లుడు: నేను కరెంటు వైపు నుంచి వచ్చాను.

తీగలందున విద్యుత్తు తిరుగు నట్టి
దిక్కు గలదాయె గావున దీని సదిశ
యనుచు గూడలి వద్దను నమరజేయ
మూడు నాలుగు గలిపిన మొత్తమైదు

పద్యపిపాసి: ధార బాగుంది, అన్వయం కూడా ఎక్కడా తెగలేదు. నాకైతే నచ్చింది.

లెక్చరర్: పద్యంగా నాకూ నచ్చింది, అదే ఇబ్బంది. కూడలిలోకి ఒక తీగ 3 ఆంపియర్లు, ఇంకో తీగ 4 ఆంపియర్లు తెస్తే బయటికి వెళ్లేది 7, ఆ రెండు తీగలూ ఏ కోణంలో కలిసినా సరే. ఆంపియర్ అంటే సెకనుకు ఒక కూలుంబు ఆవేశం. సెకనుకు ఏడు కూలుంబులు లోపలికి వచ్చి ఐదే బయటికి పోతే మిగతా రెండూ ఎక్కడ దాక్కున్నాయి? భౌతిక శాస్త్రవేత్త కిర్కాఫ్ 1845లో చెప్పిన నియమం ఇదే. కరెంటుకు దిశ ఉంది, నిజమే, బాణం గుర్తు కూడా వేస్తాం. కానీ సదిశ కావాలంటే దిశ ఒక్కటే సరిపోదు, సమాంతర చతుర్భుజ న్యాయం ప్రకారం, అంటే మధ్య కోణాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, కూడాలి. కరెంటు అలా కూడదు, మామూలు అంకెల్లాగే కూడుతుంది, అందుకే అదిశ. విద్యుత్ ప్రవాహ సాంద్రత, అంటే ప్రమాణ వైశాల్యం గుండా పోయే కరెంటు, మాత్రం సదిశే, దాన్ని పద్యంలో ఇరికించగలిగితే ఇరికించండి.

కాకినాడ అల్లుడు: "పరిమాణము, దిశ ఉన్నది సదిశ" అనే కదండీ మాకు బట్టీ పట్టించారు!

లెక్చరర్: సగం నిర్వచనం అది. చిక్కులన్నీ ఆ మిగతా సగం దగ్గరే.

నిర్వాహకుడు: కూడలి పూరణను పక్కన పెడుతున్నాను, ధారకు మాత్రం మెచ్చుకోలుగా ఒక వీరతాడు. కుర్రాడి పద్యం సవరణతో స్వీకారం. పద్యపిపాసి గారూ, ఆ ప్రమాణం సంగతి చూడండి.

పద్యపిపాసి: మొదటి పాదం ఇలా సరేనా?

తూర్పు మూడు మీటరులను దొలగి పిదప

లెక్చరర్: మీటర్లు వచ్చాయి, తూర్పుకు విభక్తి పోయింది. ఫిజిక్స్ వాడిగా నాకు అభ్యంతరం లేదు.

నిర్వాహకుడు: నాకుంది. రేపటి దాకా గడువు.