గిన్నెలు తోముతూ ఆడియో బైబిల్ వింటే విన్నట్టేనా?

ఒలీవ_కొమ్మ: ఏడాదిలో బైబిల్ అంతా వినాలని పెట్టుకున్నాను. మొత్తం 1,189 అధ్యాయాలు, అంటే రోజుకు మూడు నాలుగు. పని చేసుకుంటూనే వింటాను. "అది వినడం కాదమ్మా, చెవిలో మోత" అని మా సంఘంలో ఒకాయన తీసిపారేశారు. మీరేమంటారు?

నిదానం: కటువుగా ఉన్నా నిజమే సిస్టర్. నెహెమ్యా 8 చూడండి. ఎజ్రా అనే శాస్త్రి ధర్మశాస్త్రాన్ని పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా చదివితే జనం చెవియొగ్గి విన్నారు. ఇంకో పని పెట్టుకోలేదు.

చదవలేని_చెవి: చూపు ఆనని మాలాంటివాళ్ళకు ఆడియోనే దిక్కు బ్రదర్. అది గుర్తుంచుకుని మాట్లాడండి.

గట్టు_మీద: నిదానం గారూ, ఆ అధ్యాయం సగంలో ఆపేశారు. మర్నాడు పెద్దలు మళ్ళీ కూడితే ధర్మశాస్త్రంలో పర్ణశాలల పండుగ (ఆకుల పాకల్లో ఉండాల్సిన పండుగ) సంగతి బయటపడింది. వెంటనే జనం కొండకెళ్ళి కొమ్మలు తెచ్చి, మిద్దెల మీద, వాకిళ్ళలో పాకలు వేసుకున్నారు. నాకు ముఖ్యం అది.

శ్రద్ధే కొలతైతే యెహోయాకీము రాజుకు నూటికి నూరు వేయాలి. యిర్మీయా 36లో ఉంది. చలికాలం, ఎదురుగా కుంపటి. యిర్మీయా ప్రవక్త రాయించిన గ్రంథాన్ని యెహూది అనే ఉద్యోగి మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో కోసి నిప్పుల్లో వేసేవాడు, గ్రంథం పూర్తిగా కాలిపోయేదాకా. మధ్యలో లేచిపోలేదు, కునుకు తీయలేదు! వాళ్ళ నాన్న యోషీయాకు కూడా షాఫాను అనే లేఖికుడు ధర్మశాస్త్రాన్ని చదివే వినిపించాడు. ఆయన చింపుకున్నది తన బట్టలు. ఆపైన హుల్దా ప్రవక్త్రి దగ్గరికి మనుషుల్ని పంపాడు, ఆలయంలోంచి బయలు అనే దేవుడి పూజకు వాడిన ఉపకరణాలన్నీ తీయించి కాల్పించాడు. తండ్రీ కొడుకులిద్దరూ కాల్చారు, ఏం కాల్చారన్నదే తేడా.

నిదానం: ఒప్పుకుంటా. కానీ అసలు చెవికెక్కకపోతే బట్టలు చింపుకునేదెప్పుడు? గిన్నెలు ఆపమనట్లేదు, అధ్యాయాలు తగ్గించమంటున్నా. సంఖ్యాకాండంలో పేర్ల పట్టికలు నడుస్తుంటే నా మనసైతే ఎక్కడో ఉంటుంది.

ఒలీవ_కొమ్మ: నాదీ అంతే, దాచడమెందుకు. అయితే నిన్న మత్తయి 5 వచ్చింది. అర్పణ బలిపీఠం దగ్గర వదిలి, ముందు సహోదరునితో సమాధానపడమన్న మాట. చేతులు తుడుచుకుని ఆడియో ఆపేశాను. తోటికోడలితో చాన్నాళ్ళుగా మాటల్లేవు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం మళ్ళీ చేస్తాను.

నిదానం: మరి ఇవాళ్టి అధ్యాయాలు?

ఒలీవ_కొమ్మ: వెనకబడ్డాయి. లెక్క మాత్రం మానను బ్రదర్. నచ్చినవే ఏరుకుని వినుంటే మత్తయి 5 జోలికి వెళ్ళేదాన్ని కాదు.