నెకర్ క్యూబ్ తిరగబడిన క్షణం ఈఈజీలో ఎలా దొరుకుతుంది?

రెప్పపాటు_రాజు:
స్నేహితురాలి ప్రాజెక్టు కోసం పోయిన నెల ఈఈజీ టోపీ (తల మీంచి మెదడు విద్యుత్ అలల్ని కొలిచేది) పెట్టుకుని కూర్చున్నాను. నెకర్ క్యూబ్ అంటే చిన్నప్పుడు క్లాసులో బోరు కొడితే నోట్‌బుక్ వెనకాల గీసుకునే గీతల డబ్బానే, దాన్నే చూస్తూ ఉండాలి, గీతలు మారకపోయినా ముందున్న ముఖం వెనక్కి, వెనకది ముందుకి వచ్చినట్టు కనిపించగానే బటన్ నొక్కాలి. తలకు నూనె రాసుకుని రావద్దని ముందే చెప్పారు, నేను మర్చిపోయాను, అక్కడే షాంపూతో కడగాల్సి వచ్చింది 😅 తీరా చూస్తే రికార్డింగులో సగం నా రెప్పపాట్లే. అసలు డౌటు ఇది: డబ్బా మారింది ఒకప్పుడు, నేను గమనించింది ఇంకాసేపటికి, నొక్కింది ఆ తర్వాత. వీటిలో ఏ క్షణాన్ని సున్నా అనుకుని లెక్క కడతారు?

రాత్రి_ల్యాబ్:
మా తలనొప్పి కూడా అదే. బటన్ నుంచి వెనక్కి లెక్కేస్తే ఒకసారి చప్పున నొక్కుతారు, ఒకసారి ఆలస్యంగా, వందసార్లు సగటు తీసేసరికి చిన్న అలలన్నీ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకే జర్మనీలో కోర్న్‌మయర్, బాఖ్ అనే పరిశోధకులు బొమ్మను అలాగే ఉంచకుండా కాసేపు చూపించి, తీసేసి, మళ్లీ చూపించారు, ఇందాకటిలాగే ఉందా మారిందా అని అడిగారు. అప్పుడు బొమ్మ మళ్లీ వెలిగిన క్షణమే సున్నా. మారినప్పుడు సుమారు 130 మిల్లీసెకన్ల దగ్గర చిన్న పాజిటివ్ అల, 250 దగ్గర నెగెటివ్ అల వచ్చాయి. ఒక్క జాగ్రత్త, మధ్యలో ఖాళీ తెర కొన్ని సెకన్లు ఉంచితే బొమ్మ మారడమే దాదాపు ఆగిపోతుంది. లియోపోల్డ్ బృందం 2002లోనే చూపించిన సంగతి ఇది, మేం చదవకుండా మొదలుపెట్టి వారం రోజుల డేటా పారేసుకున్నాం.

స్కానర్_అక్క:
నాది ఎఫ్ఎంఆర్ఐ, అంటే మెదడులో ఎక్కడ రక్తప్రవాహం పెరిగిందో చూపించే స్కాన్. రక్తప్రవాహం పైకెక్కడానికే ఐదారు సెకన్లు పడుతుంది, మిల్లీసెకన్ల మాట మాకు అనవసరం, ఎక్కడ అన్నదే మా ప్రశ్న. 1998లో క్లైన్‌ష్మిట్ వాళ్లు బొమ్మ మారినప్పుడు మెదడు ముందు భాగం, పక్క భాగాలు కూడా చురుకవుతున్నాయని చూశారు, మార్పును నడిపేది ముందు భాగమేనని చాలామంది అనుకున్నారు. అది బటన్ నొక్కే పని వల్ల కాదా? 2014లో ఫ్రెస్లే వాళ్లు రెండు కళ్లకు రెండు వేర్వేరు బొమ్మలు చూపించి, ఏది కనిపిస్తోందో నోటితో, వేలితో చెప్పించకుండా కంటి కదలికల నుంచీ కనుపాప సైజు నుంచీ పట్టుకున్నారు. ముందు భాగంలో చురుకు బాగా తగ్గిపోయింది. నన్నడిగితే పాత పేపర్లలో సగం వేలి కథే.

రెప్పపాటు_రాజు:
అయితే అక్కా, మాకు కూడా కళ్లతోనే కానిచ్చేయొచ్చుగా?

రాత్రి_ల్యాబ్:
వాళ్లు కంటి కదలికలు పట్టుకున్నది కదిలే బొమ్మలతో. క్యూబ్ కదలదు కదండీ, కళ్లు ఏ దిక్కుకు పరుగెడతాయి? పైగా ఈఈజీకి కళ్లే శత్రువు. గామా తరంగాలని (మెదడులో వేగంగా కొట్టుకునే అలలు) సంబరపడిన వాటిలో కొన్ని కంటి సూక్ష్మ కదలికల వల్లేనని 2008లో తేలింది. మీరు చేయగలిగింది ఒకటుంది: ఒకవైపే కనిపించేలా షేడింగ్ వేసిన క్యూబ్‌ని కంప్యూటరే తిప్పేలా పెట్టమనండి, దానికీ బటన్ నొక్కండి, రెండింటినీ పోల్చి చూస్తారు.

రెప్పపాటు_రాజు:
అదీ పెట్టారు. అనుమానానికి తావే లేని ఆ క్యూబ్‌కి కూడా పదకొండుసార్లు తప్పు బటన్ నొక్కానట. శనివారం మళ్లీ రమ్మన్నారు, ఈసారి తలస్నానం చేసి వెళ్తున్నాను.