స్లోలో ఆయిల్ లైటు మినుకుమంటోంది: టర్బో ఇంజన్ దించాలా, ఆగాలా?

భీమవరం_టర్బో
అందరికీ నమస్కారం. బండి రెండు లీటర్ల టర్బో పెట్రోల్ సెడాన్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) పాత ఓనర్ చేయించిందే. లక్ష కిలోమీటర్లు దాటింది. గూడెం దగ్గర హైవే ఎక్కి సిద్ధాంతం బ్రిడ్జి దాకా కాస్త గట్టిగా తొక్కి, తిరిగి ఊళ్ళోకి వచ్చి రైల్వే గేటు దగ్గర ఆగితే చాలు, ఎర్ర ఆయిల్ లైటు మినుకుమంటోంది. కొంచెం రేజు ఇస్తే పోతుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద అసలు రాదు. ఆయిల్ లెవెల్ బాగానే ఉంది, 5డబ్ల్యు-30 ఈ మధ్యే పోయించాను. చప్పుళ్ళంటే పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క క్షణం టైమింగ్ చైన్ గలగలమంటుంది, అంతే.

సర్వీస్ సెంటర్‌లో ముందు ప్రెషర్ స్విచ్ మార్చారు. తేడా లేదు. ఇప్పుడేమో "ఇంజన్ దించి చూడాలి సార్" అంటున్నారు. ఎస్టిమేట్ చూస్తే కళ్ళు తిరిగాయి. దించేముందు మనం తేల్చుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా?

పాలకొల్లు_బుల్లోడు
చిక్కటి 20డబ్ల్యు-50 ఆయిల్ పోసెయ్ గురూ, లైటు దెబ్బకి పోతుంది. మా నాన్న అంబాసిడర్‌కి ఎప్పుడూ అదే వైద్యం.

లేత్_రాజమండ్రి
పోతుంది, లైటు ఒక్కటే పోతుంది. రోగం అక్కడే ఉంటుంది. తమ్ముడూ, నువ్వు అది మాత్రం చెయ్యకు.

చిక్కటి ఆయిల్ పోస్తే ప్రెషర్ ఎందుకు పెరుగుతుందో చూడండి. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది. 50 గ్రేడుకి అది 16.3 పైమాటే. చిక్కగా ఉంటే బేరింగుల సందుల్లోంచి తొందరగా జారిపోదు, కాబట్టి ప్రెషర్ గేజు ముల్లు పైకి లేస్తుంది. కానీ ముల్లు లేచినంత మాత్రాన బేరింగుకి అందే ఆయిల్ పెరిగినట్టు కాదు. ఒకవేళ పంపుకి పీల్చుకోవడానికే ఆయిల్ అందకపోతుంటే, చిక్కటిది పోసి దాని కష్టం ఇంకా పెంచినట్టే. ఈ టర్బో బళ్ళలో కామ్ ఫేజర్లు (వాల్వుల టైమింగు మార్చేవి), చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనరు, టర్బో బేరింగు అన్నీ ఆ ఆయిల్ మీదే బతుకుతాయి. అంబాసిడర్‌లో ఇవేవీ లేవు.

మొదటి పని, మెకానికల్ గేజు పెట్టడం. స్విచ్ విప్పి దాని స్థానంలో అడాప్టర్ బిగించి గేజు తగిలించు. థ్రెడ్ (మరల సైజు) విషయంలో జాగ్రత్త. యూరప్ బళ్ళకు చాలావరకు ఎం10×1 ఉంటుంది, జపాన్ బళ్ళకు 1/8 బీఎస్‌పీటీ. అమెరికా గేజులతో వచ్చే 1/8 ఎన్‌పీటీ కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ దానికి అంగుళానికి 27 మరలు, బీఎస్‌పీటీకి 28. బలవంతంగా తిప్పితే రెండు చుట్లు ఎక్కి అల్యూమినియం హౌసింగ్ మరలు తినేస్తాయి.

ఇంజన్ బాగా కాగాక చూడాలి. నీళ్ళ టెంపరేచర్ ముల్లు మధ్యకి రాగానే ఆయిల్ కాగినట్టు కాదు, ఆయిల్ ఇంకా నిదానంగా కాగుతుంది. ఒక ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పి వచ్చి స్లోలో (ఐడిల్‌లో) ఎంత, 2000 ఆర్‌పీఎం దగ్గర ఎంత, 4000 పైన ఎంత రాసుకో. తర్వాత మాట్లాడదాం.

ఉండి_ఆక్వా
గేజు కోసం ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టి కూర్చోకండి. మన చెరువుల మీద డీజిల్ జనరేటర్లు చూసే మెకానిక్ ఎవరినైనా అడగండి, వాళ్ళ పెట్టెలో ఉంటుంది. అడాప్టర్ లేకపోతే లేత్ షాపులో చేసిస్తారు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. చెరువు గట్టు మీద జనరేటర్‌కి ఆయిల్ ప్రెషర్ తగ్గితే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అర్ధరాత్రి ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి అందించేవి) ఆగితే రొయ్య తేలిపోతుందని తెలిసి కూడా ఇంజన్‌ని ఆపేస్తుంది. అన్ని లక్షలు పోసి కొన్న కారు మాత్రం లైటు వెలిగించి ఊరుకుంటుంది, ఆపాల్సింది మనమే. మామూలు స్విచ్ సుమారు 0.3 నుంచి 0.5 బార్ మధ్య వెలుగుతుంది. అంటే లైటు వచ్చేసరికే పరిస్థితి చేయి దాటబోతోందన్నమాట. లైటుతో పాటు అడుగు నుంచి టకటకమని కొట్టుకునే చప్పుడు వస్తే ఇంటిదాకా తోలుకుపోదామని చూడకండి. అక్కడే ఆపి టోయింగ్ బండిని పిలవండి.

కాకినాడ_ట్రాక్
ఓబీడీలో (బండి కంప్యూటర్‌కి స్కానర్ తగిలించి చూస్తే) కనిపించే ఆయిల్ ప్రెషర్ అంకెని చాలా బళ్ళలో నమ్మడానికి లేదు. బండిలో ఉన్నది ఆన్ ఆఫ్ స్విచ్ అయితే అంకె ఎక్కడి నుంచి వస్తుంది? పి0522, పి0523 లాంటి కోడ్‌లు వస్తే సెన్సరు, వైరింగు ముందు చూడాలి. పి0524 వస్తే ప్రెషరే తక్కువ ఉందని కంప్యూటర్ అంటోంది, అప్పుడు కూడా గేజుతో సరిచూడకుండా ఏదీ విప్పొద్దు.

భీమవరం_టర్బో
ఉండి_ఆక్వా గారి సలహా పనిచేసిందండీ, గేజు దొరికింది. కాగిన ఇంజన్ మీద:

స్లోలో 0.5 బార్. 2000 దగ్గర 1.0. 3500 దాటాక ఒక్కసారి 2.2కి లేచింది. 4500 దగ్గర మాత్రం ముల్లు వణుకుతూ 1.8కి దిగింది. చల్లగా ఉన్నప్పుడు స్లోలో 2 పైనే. వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఇచ్చిన కనీసం కంటే వేడి మీద అన్నీ తక్కువే. వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ (సుమారు 0.7 బార్) ఉండాలని ఎక్కడో చదివాను, ఆ లెక్కన చూస్తే ఇంజన్ పోయినట్టేనా?

లేత్_రాజమండ్రి
ఆ 10 పీఎస్ఐ లెక్క పాత ఇంజన్లకి. నీ ఇంజన్‌లో రెండు మెట్ల పంపు ఉంది. పెట్రోలు ఆదా కోసం కింది ఆర్‌పీఎంలో కావాలనే తక్కువ ప్రెషర్‌లో నడుస్తుంది, పైకి వెళ్ళాక కంప్యూటర్ సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) ద్వారా పై మెట్టు ఎక్కిస్తుంది. 3500 దగ్గర ముల్లు ఒక్కసారి లేచిందన్నావే, అదే. ఇలాంటి వాటిలో స్విచ్‌లు కూడా రెండుంటాయి, కింది మెట్టుకి ఒకటి, పై మెట్టుకి ఒకటి. సర్వీస్‌లో ఏది మార్చారో బిల్లు తీసి చూసుకో.

నాకు నీ అంకెల కంటే ఆ వణుకు మీదే కన్ను పడింది. బేరింగులు అరిగిపోయిన ఇంజన్ ఎలా ఉంటుందంటే, వేడి మీద స్లోలో నీరసంగా ఉండి, రేజు పెంచేకొద్దీ ముల్లు నిదానంగా పైకి పోతుంది. పైన వణకదు. రిలీఫ్ వాల్వు (ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసేది) తెరుచుకుని ఇరుక్కుంటే చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా తక్కువే చూపిస్తుంది. పై ఆర్‌పీఎంలో ముల్లు వణుకుతూ దిగిందంటే పంపు ఆయిల్‌తో పాటు గాలి మింగుతోంది, లేదా దానికి ఆయిల్ అందడం లేదు. అంటే పీల్చే వైపు చూడాలి: చాంబర్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) స్ట్రైనర్ జాలీ, పీల్చే గొట్టం దగ్గర ఓ-రింగు సీలు, చాంబర్‌కి సొట్ట. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు, లంక దారుల గోతులు సంగతి తెలిసిందే కదా. చాంబర్ కింద సొట్ట పడి జాలీకి ఆనుకుంటే ఇదే లక్షణం.

ఇంకో పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. ఆ సోలినాయిడ్ వైరు ప్లగ్ పీకు. ఈ తరహా ఇంజన్లలో సాధారణంగా ప్లగ్ పీకేస్తే పంపు ఎక్కువ ప్రెషర్ మెట్టులోనే ఉండిపోయేలా పెడతారు. 2000 దగ్గర ముల్లు బాగా లేస్తే పంపు బాగున్నట్టు, కంట్రోల్ వైపు చూడాలి. లేవకపోతే చాంబర్ విప్పాల్సిందే.

భీమవరం_టర్బో
పీకి చూశాను. 2000 దగ్గర 1.0 నుంచి 1.3కి మాత్రమే వెళ్ళింది.

లేత్_రాజమండ్రి
అయితే ఇంజన్ దించొద్దు. చాంబర్ దింపు చాలు. దానికి ముందు ఆయిల్ ఫిల్టర్ తీసి, మడతలు విప్పి, తెల్ల గుడ్డ మీద ఆరబెట్టి చూడు. రాగి రంగు రేకులు కనిపిస్తే నా మాట వెనక్కి తీసుకుని షెల్ బేరింగుల (క్రాంక్ తిరిగే చోట ఉండే అర్ధచంద్రం రేకులు) సంగతి చూద్దాం. అయస్కాంతానికి అంటుకునేవి వేరే కథ, అవి ఇనుము.

కోనసీమ_కుర్రాడు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ ఇదే లైటు, కారణం వేరు. అమలాపురం వైపు వర్షాల్లో రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే అందులోంచి తీసుకొచ్చాను. తర్వాత డిప్ స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీస్తే ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంది, లెవెల్ కూడా పెరిగింది. ఇది హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) పోయినట్టేనా?

లేత్_రాజమండ్రి
ఆయిల్ పోసే మూత కింద మాత్రమే అలా నురగ కడితే భయం లేదు, తక్కువ దూరాలు తిరిగే బండిలో తేమ చేరి వస్తుంది. డిప్ స్టిక్ మీదే అలా ఉందంటే ఆయిల్లోకి నీళ్ళు చేరాయి. స్టార్ట్ చెయ్యకండి. రేడియేటర్ నీళ్ళు తగ్గాయా చూడండి. తగ్గితే గ్యాస్కెట్ గానీ ఆయిల్ కూలర్ గానీ. తగ్గకపోతే వాన నీళ్ళే పైనుంచి గాలి దారిలోనో బ్రీదర్ గొట్టంలోనో వెళ్ళి ఉంటాయి. ఏదైనా సరే, ఆ ఆయిల్‌తో ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. దీనికి వేరే థ్రెడ్ పెట్టండి బాబూ, ఇది కలగాపులగం అయిపోతుంది.

తణుకు_టీఎస్ఐ
ఇంకో కోణం. లెవెల్ బాగుంది అంటున్నారు సరే, పెరిగిందేమో చూశారా? డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌తో ఊళ్ళోనే రెండేసి కిలోమీటర్లు తిరిగితే పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా దిగి ఆయిల్లో కలుస్తుంది. రీమ్యాప్ ఉంటే ఇంకాస్త ఎక్కువ. డిప్ స్టిక్ వాసన చూస్తే తెలిసిపోతుంది. అప్పుడు 30 గ్రేడు కాస్తా 20 గ్రేడులా పల్చబడుతుంది, స్లోలో లైటు వస్తుంది. ఆయిల్ మార్చగానే తగ్గితే కారణం ఇదే.

భీమవరం_టర్బో
వాసన చూశానండీ, లేదు. పైగా ఈ ఆయిల్ కొత్తదే.

కాకినాడ_ట్రాక్
చాంబర్ ఎలాగూ దింపుతున్నారు కాబట్టి చెప్తున్నా. మీరెప్పుడైనా ట్రాక్‌కి వెళ్ళే ఆలోచన ఉంటే లోపల బాఫిల్ పలకలు (ఆయిల్ ఒక పక్కకి పోకుండా ఆపేవి) ఎలా ఉన్నాయో ఫోటో తీసి పెట్టుకోండి. నేను చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో గ్రిప్పున్న టైర్లతో తిప్పినప్పుడు, సాగదీసిన మలుపుల్లో ఆయిల్ అంతా ఒక పక్కకి పోయి ప్రెషర్ సగానికి పడింది. స్లోలో మాత్రం అంతా సుబ్బరంగా ఉండేది. ప్రెషర్ రికార్డు చేసే లాగర్ పెట్టకపోతే నాకు ఆ సంగతి తెలిసేదే కాదు. మలుపుల్లోనే పడితే ఆయిల్ జరగడం, వేడి మీద స్లోలో పడితే పల్చదనమో అరుగుదలో, పై ఆర్‌పీఎంలో పడితే పీల్చే వైపు. నేను ఇలా వేరు చేసుకుంటాను. ట్రాక్ రోజు ఆయిల్ మ్యాక్స్ గీత దాకా నింపుతా, దాటనివ్వను. దాటితే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ మళ్ళీ పంపులోకే పోతుంది.

భీమవరం_టర్బో
చాంబర్ దిగింది. ఫిల్టర్‌లో రాగి లేదు, నల్లటి పెళుసు రేకులు మాత్రం ఉన్నాయి. జాలీ సంగతి చెప్తా వినండి. సగం పైగా మూసుకుపోయింది. కాలిన ఆయిల్ పొరలు ఒక ఎత్తు, వాటి మధ్య చుట్టుకుని నల్లటి సిలికాన్ దారాలు. చిమ్మెట పెట్టి లాగితే వేలు పొడుగు ముక్క ఒకటి సాగుతూ వచ్చింది. మెకానిక్ చాంబర్ అంచు తిప్పి చూపించాడు. ఇంతకుముందు ఎవరో విప్పి పెట్టినప్పుడు సీలెంట్ వలవలా పూశారు, బయటికి పొంగింది గీకేశారు, లోపలికి పొంగింది అలాగే వేలాడి తెగి జాలీలో పడింది.

జాలీ గొట్టం కొత్తది, ఓ-రింగు కొత్తది వేశాం. పంపు ఒకసారి విప్పి గీతలు లేవని చూసి పెట్టేశాడు.

లేత్_రాజమండ్రి
అదీ సంగతి. సీలెంట్ రెండు మూడు మిల్లీమీటర్ల గీతలా పూస్తే చాలు, బోల్టు రంధ్రాలకి లోపలి వైపు నుంచి పోనివ్వాలి. ట్యూబు మీద రాసినంత సేపు ఆరనిచ్చాకే ఆయిల్ పోయాలి. సాయంత్రానికే బండి కావాలని మెకానిక్ నెత్తిన కూర్చుంటారు చూడండి, అక్కడే వస్తుంది తంటా.

పాలకొల్లు_బుల్లోడు
మరి ఆ కాలిన పొరలు ఇంకా ఇంజన్ లోపల ఉంటాయి కదా, ఇంజన్ ఫ్లష్ పోసి కడిగేస్తే పోలా?

లేత్_రాజమండ్రి
పోదు. ఫ్లష్ పోస్తే పైన హెడ్‌లో అంటుకుని ఉన్నది ఊడి కిందకొచ్చి ఈ కొత్త జాలీలోనే పడుతుంది. మంచి ఆయిల్ పోసి, మొదటి రెండుసార్లు తొందరగా మార్చడమే పద్ధతి. ఆయిల్‌లోని డిటర్జెంట్లు నిదానంగా కరిగిస్తాయి.

తణుకు_టీఎస్ఐ
చాంబర్ దిగి ఉన్నప్పుడే కనెక్టింగ్ రాడ్ షెల్స్ కూడా మార్చేయాల్సింది. రీమ్యాప్ బండి, కొన్నాళ్ళు ఆయిల్ అందకుండా తిరిగింది. మళ్ళీ దింపడం కంటే అదే నయం.

లేత్_రాజమండ్రి
ఇక్కడ నేను ఒప్పుకోను. కారణం లేకుండా రాడ్ బోల్టులు విప్పకూడదు. చాలా కొత్త ఇంజన్లలో అవి ఒకసారి బిగిస్తే సాగే రకం, విప్పితే కొత్తవే వేయాలి. షెల్స్ కూడా రంగు గుర్తులు చూసి జత కలిపేవి. పాత ఇంజన్లలాగా క్రాంక్ గ్రైండ్ చేసి టెన్ సైజు, ట్వంటీ సైజు అని మందం షెల్స్ పెట్టే ఏర్పాటు అన్నింటికీ ఉండదు. చూసితీరాలనుకుంటే ఒక్క రాడ్ క్యాప్ విప్పి ప్లాస్టిగేజ్ (సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ దారం) పెట్టి కొలవొచ్చు. అంగుళం జర్నల్‌కి (బేరింగులో తిరిగే క్రాంక్ భాగం) వెయ్యో వంతు అంగుళం సందు అన్నది మోటు లెక్క, అంటే 50 మిల్లీమీటర్ల జర్నల్‌కి ఇంచుమించు 0.05 మిల్లీమీటర్లు. అసలు అంకె మాన్యువల్‌దే. రాగి లేదు, చప్పుడు లేదు, ముందు గేజు ఏం చెప్తుందో చూద్దాం.

తణుకు_టీఎస్ఐ
సరే గానీ, నా బండి అయితే మార్పించేవాడినే.

భీమవరం_టర్బో
గేజు ఇంకా తీయలేదు. అదే దారిలో, అదే ఎండలో తిప్పి వచ్చి చూశాను. స్లోలో 1.3, 2000 దగ్గర 1.7, పై మెట్టులో 3.3 దగ్గర ముల్లు కదలకుండా నిలబడింది. ఆయిల్ అదే 5డబ్ల్యు-30. షెల్స్ జోలికి వెళ్ళడం లేదు. ఫిల్టర్ మాత్రం ఈసారి తొందరగా తీసి మడతలు చూస్తాను.

పొద్దున చైన్ గలగల తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

లేత్_రాజమండ్రి
అది టెన్షనరు. రాత్రంతా నిలబడ్డాక ఆయిల్ కిందకి దిగిపోయి, స్టార్ట్ చేసిన క్షణంలో టెన్షనర్‌కి బలం ఉండదు. ముందు ఫిల్టర్‌లో వెనక్కి జారనివ్వని వాల్వు బాగుందా, అసలైన ఫిల్టరేనా చూడు. అయినా తగ్గకపోతే చైన్ సాగిందేమో స్కానర్‌లో కామ్ టైమింగ్ తేడా చూసి చెప్పు. ఇది వాయిదా వేసేది కాదు, చైన్ పన్ను దాటిందంటే వాల్వులు పిస్టన్‌కి కొట్టుకుంటాయి.

భీమవరం_టర్బో
స్కానర్ ఆదివారం దొరుకుతుంది. అంకెలు ఇక్కడే పెడతాను.