బొమ్మ రైల్వే స్టేషన్‌కి లైట్లు: ఈ వైరింగ్ సరిపోతుందా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా చిన్నాడి కోసం ఆరడుగుల ప్లైవుడ్ మీద పాకాల జంక్షన్ లాంటి స్టేషన్ కడుతున్నాను. ధర్మవరం లైను విడిపోయే చోటు కూడా పెట్టాను, అదే వాడికి ముఖ్యం! రైళ్లు హెచ్‌ఓ సైజువి (అసలు రైలులో సుమారు 87వ వంతు), పట్టాలకు 12 వోల్టుల డీసీ.

మొదట ప్లాట్‌ఫాం లైట్లను పట్టాల కరెంటుకే కలిపేశాను. తెలివితక్కువ పనే. రైలు నెమ్మదిస్తే లైట్లు మసకబారుతాయి, వెనక్కి నడిపితే పూర్తిగా ఆరిపోతాయి. ఎల్ఈడీకి ప్లస్ మైనస్ ఉంటాయని తర్వాత తట్టింది. రెండు మాడిపోయాయి కూడా.

ఇప్పుడు లైట్లకు విడిగా 12 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్ కొన్నాను. తెల్ల ఎల్ఈడీలు 30, ఒక్కోదానికి సుమారు 3 వోల్టులు. ఒక్కోదానికి 1000 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 9 మిల్లీఆంపియర్లు, మొత్తం 270. అంటే అడాప్టర్‌కి ఇది లెక్కే కాదు. కానీ నా టెన్షన్ కూడా అదే: బోర్డు కింద ఎక్కడైనా షార్ట్ అయితే సన్న వైర్లలోకి ఆ 2 ఆంపియర్లూ వెళ్తాయి కదా?

అడాప్టర్ పక్కనే 500 మిల్లీఆంపియర్ల ఫ్యూజు పెడితే చాలా, లేక ప్రతి లైట్ల వరుసకీ వేరే ఫ్యూజు కావాలా? మూడేసి ఎల్ఈడీలను వరుసగా కలిపి ఒకే 330 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే సోల్డరింగ్ తగ్గుతుంది, అలా చేసినవాళ్లున్నారా? అతుకుల మీద ఇన్సులేషన్ టేపు మన ఎండలకు జిగురు కారి ఊడిపోతోంది. వైరు మీద తొడిగే స్లీవ్ (సన్న గొట్టం) వాడమంటారా? పిల్లాడు బోర్డు కింద దూరుతుంటాడు, అందుకే ఇన్ని ప్రశ్నలు.