నగల యాడ్‌కి ఎల్‌ఈడీ వాలా, గ్రీన్ మ్యాటా?

బెజవాడ కుర్రోడు:
అన్నలూ, ఒక నగల షాపుకి 30 సెకన్ల టీవీ యాడ్ ఒప్పుకున్నాను. పెళ్లికూతురు పడవలో, వెనక పాపికొండలు, సాయంత్రపు ఎండ. అక్కడికే వెళ్తే ఆ వెలుతురు అరగంట కూడా నిలవదు. పోయినసారి గ్రీన్ మ్యాట్ (వెనక సీను తర్వాత ఎడిట్‌లో అతికించుకునే పచ్చ తెర) వేస్తే వడ్డాణం నిండా పచ్చరంగే. అది చెరిపిన ఎడిటర్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. హైదరాబాద్‌లో ఎల్‌ఈడీ వాల్ (వెనక సీను ఆడించే పెద్ద తెర) ముందు తీస్తే ఈ గోల తప్పుతుందా?

ఫోకస్ పుల్లర్:
తప్పుతుంది తమ్ముడూ. కానీ బంగారం అద్దం లాంటిది, ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది. వాల్ అమ్మాయి వెనకే ఉంటే నగల్లో కనిపించేది స్టూడియో చీకటే. కెమెరా పక్కన విడిగా రెండు ప్యానెళ్లు పెట్టించి, వాటిలోనూ ఆకాశం వెయ్యి.

ఓ చీరల యాడ్‌లో ఫోకస్ నేనే. చుక్కకీ చుక్కకీ 2.6 మిల్లీమీటర్లున్న వాల్. అమ్మాయి పక్కకి తప్పుకోగానే ఫోకస్ పోయి వాల్ మీద పడింది. మానిటర్‌లో ఆకాశమంతా దోమతెర మడతల్లా గీతలు! మోరే అంటారు దాన్ని. అందుకే మనిషిని వాల్‌కి వీలైనంత దూరంగా ఉంచి, వెనకది మసకగా వదిలెయ్.

వాల్ ఇచ్చేది మెత్తటి వెలుగే. ఎండ పొడ కావాలంటే లైట్ వేరే పెట్టాల్సిందే. కెమెరా, వాల్ సింక్‌లో ఉన్నాయో లేదో ముందురోజే చూసుకో, లేకపోతే నల్ల పట్టీలు పాకుతాయి.

బెజవాడ కుర్రోడు:
మరి ఆ కొండల్ని అన్‌రియల్ ఇంజిన్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో కట్టించాలా? అంత బడ్జెట్ లేదన్నా.

సీజీ అక్క:
కెమెరా పెద్దగా కదలకపోతే అక్కర్లేదు. పడవలోంచి తీసిన వీడియోనే వాల్ మీద ఆడించండి, కారు షాట్లు చాలావరకు అలాగే లాగిస్తాం. కెమెరా పక్కకి జరుగుతూ పోతే మాత్రం దగ్గరి చెట్టు ఎక్కువ, దూరపు కొండ తక్కువ కదలాలి. అప్పుడు త్రీడీ సీను, కెమెరా ఎటు కదిలిందో పట్టే ట్రాకింగ్ తప్పవు.

ఆకాశం రంగు షూటింగ్‌కి ముందే ఓనరుగారికి చూపించి సరే అనిపించుకోండి. మా క్లయింటొకాయన ఎడిట్ అంతా అయ్యాక "కాస్త మా బోర్డు ఎరుపు తెప్పించండమ్మా" అన్నారు. ఆ ఎరుపు అప్పటికే అమ్మాయి బుగ్గ మీదా, నగ మీదా పడి ఉండాల్సింది. మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తాం?

బెజవాడ కుర్రోడు:
ఆదివారం రాజమండ్రి వెళ్లి వీడియో తీసుకొస్తా అక్కా. ఫోన్ చాలదుగా?

సీజీ అక్క:
చాలదు. మంచి కెమెరా అద్దెకి తీసుకోండి. లెన్స్ ఏదో, నీళ్ల మీంచి కెమెరా ఎంత ఎత్తులో ఉందో రాసిపెట్టుకోండి. స్టూడియోలోనూ అదే ఎత్తు రాకపోతే పడవ గాల్లో తేలుతున్నట్టుంటుంది.